దుఖాన్‌లో ఒక్క తూటా

ఇవి తుపాకీ పేల్చిన చేతులని చెబితే మా కోడలు ఇప్పటికీ నమ్మదు. గోంగూర తుంచుతున్న నా వేళ్ళ వంక చూసి నవ్వి ఊరుకుంటుంది. నమ్మకపోతే పోనీ. తొంభైల్లో, ఖతార్‌లో, దుఖాన్ అనే చమురు ఊళ్ళో, ప్రతి మంగళవారం పొద్దున నేను చాప మీద బోర్లా పడుకుని రైఫిల్ పేల్చినదాన్ని. ఆ మంగళవారాలు తలుచుకుంటే తుపాకీ నూనె వాసనా, యాలకులు దంచి వేసిన కాఫీ వాసనా కలిసి ముక్కుకి తగులుతాయి. వాటి మీద నాకు ఇప్పటికీ బెంగ.

మాది రాజమండ్రి. మా ఆయన దుఖాన్ చమురు కంపెనీలో ఇంజనీరు. ఇల్లు కంపెనీది, ఏసీ కంపెనీది, ఆఖరికి పెరట్లో మట్టి కూడా కంపెనీవాళ్ళు లారీలో తెచ్చి పోసిందే. నాదని చెప్పుకోడానికి ఉన్నది ఒక చేతి గడియారం. దాన్ని ఇండియా టైములోనే ఉంచేదాన్ని. ఖతార్ కంటే రెండున్నర గంటలు ముందన్నమాట. "ఇక్కడ బతుకుతూ అక్కడి టైమేవిటి?" అని మా ఆయన విసుక్కునేవారు. "మీ కంపెనీ టైము గోడమీద ఉందిగా, చూసుకోండి" అనేదాన్ని. ఇప్పుడు మా అమ్మ భోంచేస్తోంది, ఇప్పుడు కునుకు తీస్తోంది అనుకోవడం నాకో సుఖం.

క్లబ్బు వెనకాల, ఇళ్ళు అయిపోయిన చోట, ఒక రేకుల షెడ్డు ఉండేది. దానికెదురుగా ఎత్తుగా పోసిన ఇసుక దిబ్బ. అదే మా షూటింగ్ రేంజి. శుక్రవారాలు మగవాళ్ళవి. మంగళవారం పొద్దున ఒక గంట ఆడవాళ్ళది. కాలేజీలో ఎన్.సి.సి. చేసి, పెళ్ళయ్యాక రైఫిల్ని మర్చిపోయిన నాకు, క్లబ్బు గోడమీద ఆ నోటీసు చూడగానే ప్రాణం లేచొచ్చింది.

రేంజి చూసుకునేది ఒక ఖతారీ పెద్దాయన. మక్కా వెళ్ళొచ్చిన మనిషి కనుక అందరం హాజీ అని పిలిచేవాళ్ళం. వాళ్ళ నాన్న బొంబాయికి ముత్యాలు తీసుకెళ్ళి అమ్మేవాడట, అందువల్ల హాజీకి హిందీ బాగానే వచ్చు. నియమాల దగ్గర మాత్రం చండశాసనుడు. బోల్టు వెనక్కి లాగి, లోపల ఖాళీ అని చూపించందే ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి తుపాకీ మారకూడదు. ఆ అలవాటు నాకు ఎంత ముదిరిందంటే, మా ఆయనకి టిఫిన్ క్యారేజీ ఇచ్చేటప్పుడు కూడా మూత తీసి చూపించి మరీ ఇచ్చేదాన్ని.

మొదట్లో నాలుగైదు దేశాల ఆడవాళ్ళు వచ్చేవారు. వేసవి ఎండకి ఒక్కొక్కరే మానేసి, చివరికి ఇద్దరం తెలుగువాళ్ళమే మిగిలాం. రెండో ఆవిడ కంపెనీ ఆస్పత్రి డాక్టరుగారి భార్య. అత్తిల్లు హైదరాబాద్, పుట్టిల్లు ఆదిలాబాద్ అడవుల అంచున. నాకంటే చిన్నది, అక్కా అని పిలిచేది. తుపాకీల గురించి ఆమెకి తెలియనిది లేదు. ఏ రైఫిల్ ఎడమకి లాగుతుందో, ఏ నూనె ఎండకి జిగురెక్కుతుందో, అన్నీ చెప్పేది. ఇద్దరం కూర్చుంటే చీరలూ నగలూ మాట్లాడుకుంటామని మా ఇళ్ళల్లో అనుకునేవారు. మేం మాట్లాడుకున్నదల్లా ట్రిగ్గర్లూ, ఊపిరి ఎక్కడ ఆపాలీ అనే. గురి తప్పినప్పుడల్లా నేను గాలి మీద నెట్టేదాన్ని. "గాలేడుందక్కా, నీ చీర కుచ్చిళ్ళు సుత కదుల్తలేవు" అని పట్టేసేది.

దానికి బదులు నేను ఆమె తాతగారి పులిని పట్టుకునేదాన్ని. నిజాం రోజుల్లో ఆ తాత అడవి కాంట్రాక్టరు, ఒక పులిని కొట్టాడట. రంజాన్‌కి ముందు చెప్పినప్పుడు ఆ పులి తలుపంత ఉంది. రంజాన్ వెళ్ళాక చూస్తే బాగా ఒళ్ళు చేసింది.

"మా తాత కొట్టిన పులి ఎంతుండెనో ఎరికేనా అక్కా? గీ షెడ్డుల పట్టదు."

"మొన్న తలుపంత అన్నావుగా?"

"మొన్న తోక లెక్కవెట్టలే."

"చర్మం ఏదీ మరి?"

"చెదలు తిన్నయ్."

"పోనీ ఫొటో?"

"అడివిల ఫొటోలు ఎవలు తీస్తరక్కా!"

నాకు అబద్ధం అంటే ఒళ్ళుమంట, ఎదటివాళ్ళు ఒప్పుకునేదాకా వదిలేదాన్ని కాదు. ఆమె ఒక్కనాడూ ఒప్పుకోలేదు. హాజీ చిన్న కప్పుల్లో కాఫీ పోస్తూ, "షేర్ కిత్నా బడా హువా ఆజ్?" అని, ఇవాళ పులి ఎంత పెరిగిందంటూ, ఇద్దరినీ ఎగదోసేవాడు.

ఇంత మాట్లాడే మనిషి ఒక్కసారి కూడా పేల్చలేదు. చాప మీద పడుకునేది, చెంప ఆనించేది, గురి చక్కగా కుదిరేది. ట్రిగ్గర్ దగ్గరకి వచ్చేసరికి వేలు తీసేసేది. "వచ్చే వారం చూస్త" అని లేచి కూర్చునేది. హాజీ బోల్టు లాగి తూటా బయటికి తీసేవాడు. ఎందుకలా అని ఒకసారి గట్టిగా అడిగితే చెప్పింది. పుట్టింట్లో గోడకి మూడు తుపాకులుండేవి. అన్నదమ్ములకి మీసాలు రాకముందే నేర్పించారు. ఈమె ఒకనాడు ముట్టుకోబోతే తాత చేతిమీద చరిచి, ఆడపిల్ల వేలు అక్కడికి రాకూడదన్నాడు. దసరాకి మాత్రం పిలిచేవారు, తుపాకులకి బొట్టు పెట్టడానికి. "ఏడాదికొక్కపారి అక్కా, బొట్టు పెట్టేటంత సేపే నావి" అంది. ఆ మాట అన్నప్పుడు ఆమె నవ్వలేదు. ఆ తాత ఎదురుగా ఉంటే నాలుగు దులిపేద్దామన్నంత కోపం వచ్చింది నాకు.

డాక్టరుగారి కాంట్రాక్టు అయిపోయి, ఇండియా వెళ్ళిపోయే రోజు దగ్గరపడింది. "పోయేలోపట ఒక్కటన్న కొట్టాలె. మా ఇంట్ల ఆడిపిల్ల కొట్టిన తూటా ఒక్కటన్న ఉండాలె" అని నా చెయ్యి పట్టుకుని అంది. చివరి మంగళవారం దసరాల్లో వచ్చింది. ఆ సాయంత్రమే దోహాకి ప్రయాణం, అక్కణ్ణుంచి విమానం.

ఆ పొద్దున ఆమె తలస్నానం చేసి, కొత్త చీర కట్టుకుని వచ్చింది. హాజీ రైఫిల్ బల్ల మీద పెట్టి కాఫీ సంగతి చూడ్డానికి అటు తిరిగాడో లేదో, కొంగు ముడిలోంచి కుంకుమ పొట్లం తీసి తుపాకీ చెక్క మీద ఇంత బొట్టు పెట్టేసింది. పెట్టి కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంది. గబుక్కున హాజీ వైపు చూశాను. పరాయి దేశం, పరాయి మతం, క్లబ్బు తుపాకీ.

"ఎంత పని చేశావే తల్లీ!" అనేలోపు హాజీ వచ్చి చూడనే చూశాడు. నాకొచ్చిన హిందీలో, ఇవాళ మాకు పండగ, పనిముట్లకీ ఆయుధాలకీ పూజ చేస్తామని చెప్పాను.

"బందూక్ కా ఈద్?" అన్నాడు ఆయన, తుపాకీకి పండగా అన్నట్టు. కాసేపు ఆ ఎర్రచుక్కని చూశాడు. మా వాళ్ళూ పండగలకి కత్తులూ తుపాకులూ బయటికి తీసి ఆడతారులే అన్నాడు. దాన్ని తుడవలేదు. ఎవరి కంటా పడకుండా బొట్టున్న వైపు గోడకి తిప్పి పెట్టి, చాప పరిచి, "యల్లా" అన్నాడు, ఇక కానివ్వమని.

ఆమె రెండడుగులు వేసి ఆగిపోయింది.

"అయ్యో అక్కా, నవమి గద! పూజ జేసిన ఆయుధం ఇయ్యాల ముట్టద్దు గద!"

నిజమే. పూజలో పెట్టిన పనిముట్టుకి ఆ పూట సెలవు. దశమి వస్తేగానీ దించి వాడకూడదు. తన కోరికకి తన చేత్తోనే తాళం వేసుకుంది పిచ్చిది. "దేవుడేం అనుకోడు, కొట్టు" అన్నాను.

"దేవుడనుకోడక్కా. నేననుకుంట" అని బెంచీ మీద కూలబడి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. హాజీకి చెబితే తల ఊపాడు. రైఫిల్ జోలికి పోకుండా కప్పులో కాఫీ పోసి ఆమె ముందు పెట్టాడు.

"పొద్దుగాల క్యాలెండర్ల సూసిన. నవమి పదకొండున్నర దాక ఉంది. ఇప్పుడు తొమ్మిదిన్నర. పదింటికి రేంజి మూస్తరు" అంది ముక్కు చీదుకుంటూ, షెడ్డు గోడ గడియారం చూపించి.

నేను అలవాటుకొద్దీ నా చేతి గడియారం చూసుకున్నాను. పన్నెండయింది. ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. ఆ తర్వాత అరిచినంత పని చేశాను.

"ఆ క్యాలెండర్ ఎక్కడిది?"

"హైదరాబాద్‌ది. అన్న పంపిండు."

"మరి అందులో పదకొండున్నర ఎవరి పదకొండున్నరే? ఇండియాది! అక్కడ పన్నెండయింది, చూడు. నవమి వెళ్ళిపోయి అరగంటయింది. నువ్వు బొట్టు పెట్టింది దశమిలో. ఆయుధాలు దించే రోజిది, లే!"

ఆమె నా మణికట్టు పట్టుకుని, వేళ్ళ మీద లెక్క వేసుకుంది. మళ్ళీ వేసుకుంది. హాజీకి సంగతి విప్పి చెప్పబోతే చెయ్యడ్డం పెట్టాడు. చందమామ సంగతేగా, మాకూ అంతే, ఒక దేశంలో పండగైతే పక్క దేశంలో ఇంకా ఉపవాసం అన్నాడు. ఆ మాటతో ఆమె లేచింది.

చాప మీద పడుకుంది. చెంప చెక్కకి ఆనించింది. నేను పక్క చాప మీద పడుకుని, పేల్చకుండా ఆమె వేలినే చూస్తున్నాను. ఊపిరి సగం వదిలి ఆపింది. వేలు ఒకసారి పక్కకి జరిగింది, మళ్ళీ ట్రిగ్గర్ మీదకి వచ్చింది. తుపాకీ మోగింది.

హాజీ నడిచి వెళ్ళి, మమ్మల్నీ రమ్మన్నాడు. చిల్లు నల్ల గుండ్రంలో లేదు. కింద ఎడమ పక్కన, తెల్లకాగితం అంచుకి కాస్త ఇవతల ఉంది. "మాషాల్లా" అన్నాడు హాజీ. ఆమె ఆ చిల్లులోకి చిటికెన వేలు పెట్టి చూసుకుంది. ఆమె చెంప మీద ఎర్రగా ఉంది. తుపాకీకి పెట్టిన బొట్టు అంటుకుంది.

ఆ రోజు దారంతా ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. అంతటి వాగుడుకాయ! వాకిట్లో పెట్టెలు సర్దుతున్న డాక్టరుగారు, "చెంపకేమైంది?" అని కంగారుపడితే నవ్వి లోపలికి పోయింది. ఆ కాగితం అడిగి తీసుకోవాలన్న ధ్యాసే మాకు రాలేదు. వాడిన కాగితాల చిల్లులకి ముక్కలు అతికించి మళ్ళీ వాడటం హాజీ పద్ధతి. మరుసటి మంగళవారం ఆ కాగితమే నా ఎదురుగా వచ్చింది, కింద ఎడమ పక్కన తెల్ల ముక్కతో. ఆ ముక్కకి తగలకుండా కాల్చాను.

పోయిన ఏడాది ఆమె పోయింది. నెల తిరిగాక ఆమె మనవరాలు ఎలాగో నా నంబరు పట్టుకుని ఫోన్ చేసింది.

"అమ్మమ్మా, మా అమ్మమ్మ దుబాయ్‌ల తుపాకి కొట్టిన అనేది. ఒక్కటే తూటానట, సక్కగ నడుమ తాకిందట. మా మామలు నవ్వుతున్నరు. నిజమేనా?"

దుబాయ్ కాదమ్మా, దుఖాన్ అని దిద్దబోయి మానేశాను.

"నేను పక్క చాప మీదే ఉన్నానమ్మా. నట్టనడుమ తగిలింది. ఎవరైనా నవ్వితే నాకు ఫోన్ చెయ్యమను."

అవతల ఆ పిల్ల ముక్కు చీదుకుని అడిగింది.

"మరి వాళ్ళ తాత పులి?"

"అదీ నిజమే."

"ఎంతుండెనట?"

"మా షెడ్డులో పట్టదు" అన్నాను.