టమోటా పూతకు తగిలిన దిష్టి

మొన్న మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో ఒకావిడ, డాబా మీద టమోటా పూతంతా రాలిపోతోందని ఫోటో పెట్టి ఏ మందు కొట్టాలని అడిగితే, తలా ఒక మందు పేరు చెప్పారే గానీ కర్నూలు ఎండను తప్పుపట్టినవాళ్లు ఒక్కరూ లేరు. మందు వద్దు, మధ్యాహ్నం నీడ కట్టండని రాశాను. ఊరుకోలేక ఇంకో నాలుగు మాటలు కూడా రాశాను.

ఈ వాదన నాకు కొత్త కాదు. డిగ్రీలో వృక్షశాస్త్రం చదివి కోసిగి దగ్గరి పల్లెకు కోడలిగా వెళ్లిన తొలి వేసవిలో, మా అత్త పెరట్లోని టమోటా చెట్లు పొట్టిగా బిగుసుకుపోయి, ఆకులు గొట్టాల్లా చుట్టుకుని, పూసిన పువ్వును పూసినట్టే రాల్చేశాయి. అంతకు ముందే పక్కింటి పెద్దమ్మ గోడ మీదుగా చూసి, పూత శానా బాగుండాదని నోరారా మెచ్చుకుంది పాపం. భర్త పోయిన మనిషి, పిల్లల్లేరు, ఆమెకు పొద్దుపోయేదే మా అత్తతో మాటల్లో. అలాంటి మనిషి కన్ను తగిలిందని మా అత్త మాటలు మానేసి, చెట్ల మధ్య సున్నపు బొట్లు పెట్టిన కుండ బోర్లించింది. పెద్దమ్మ మా అరుగు మీదికి రావడం కూడా మానేసింది.

నాకు ఒళ్లు మండింది. ఎండ ముదిరి రాత్రుళ్లు కూడా వేడి తగ్గకపోతే టమోటా పువ్వు కాయ కట్టదని, ఆకు చుట్టుకునేది ఉన్న తడిని కాపాడుకోవడానికేనని పాఠం చెబితే వినే మనిషా మా అత్త! మాటలతో కాదని నా పాత నూలు చీర చెట్ల మీద పందిరిలా కట్టాను. చెట్లు తేరుకున్నాయి, అక్కడక్కడా పిందెలు పట్టాయి. గెలిచాననుకున్నాను.

“సూసినావామ్మే? చీర అడ్డం కట్టినాక ఆయమ్మ కన్ను పడల్యా, కాయ నిలిచె” అంది మా అత్త.

వానలు తగ్గాక మళ్లీ నారు పోశాం. కార్తీకం చలి తగలగానే అవే విత్తనాలు వేరే జాతివేమో అన్నట్టు ఏపుగా లేచి, ఆకులు విప్పార్చుకుని, పూతకొచ్చాయి. ఈసారి చీర కట్టలేదు. కుండ తీసేసి, పెద్దమ్మను చెయ్యి పట్టుకుని పెరట్లోకి లాక్కొచ్చాను. ఆమె గట్టిగా కళ్లు మూసుకుంది.

“వద్దు తల్లీ, మళ్లా రాలితే నేను యాడికి పోవల్ల?”

“కండ్లు తెరువు పెద్దమ్మా. రాలితే నన్ను తిట్టు.”

రోజూ ఆమెను తీసుకొచ్చి చెట్లు చూపించాను. మా అత్త మూతి ముడుచుకుని వసారాలోంచి చూస్తూ ఉండేది. చెట్లు కొమ్మలు వంగేటట్టు కాశాయి.

తప్పయిందని ఎవరితోనూ అనే రకం కాదు మా అత్త. ఒక పొద్దున గంపెడు పండ్లు మోసుకుపోయి పెద్దమ్మ అరుగు మీద దించి, “ఏమొదినా, ఊరగాయకు ఇన్ని పండ్లు నేనొక్కదాన్నే కోయల్లనా? ఈలపీట తీస్కరా” అంది. ఆ సాయంత్రం దాకా ఇద్దరి నోళ్లూ మూతపడలేదు.

ఇప్పుడు శివరాత్రికి ముందే ఎండ చురుక్కుమంటోంది, చలి రోజులు కురచబడ్డాయి. అయితేనేం, పల్లెల్లో కూడా పచ్చటి షేడ్‌నెట్లు కడుతున్నారు, పూత రాలితే పక్కింటామెను ఆడిపోసుకునేవాళ్లు తగ్గారు, అందుకు నాకు చాలా సంతోషం. కాకపోతే, పూత బాగుందని మెచ్చుకోవడానికి తొంగిచూసేవాళ్లూ తగ్గిపోయారు. అందుకని ఈ మధ్య మెట్ల మీద ఎవరు ఎదురైనా, పైకొచ్చి నా మొక్కలు చూసిపొమ్మని నేనే పిలుస్తున్నాను. ఒకరిద్దరు వస్తున్నారు కూడా.