గుడ్డ చుట్టిన ఇటుక

వూచ్ నగరంలో పాత నూలుమిల్లు ఇప్పుడు మ్యూజియం. ప్రతి గురువారం అక్కడికి వీటోల్డ్ వస్తాడు. ఎనభై దాటిన పొడుగాటి మనిషి. కోటు జేబులో ఎప్పుడూ మడత కొలబద్ద ఉంటుంది. ట్రాము స్టాపులో కొత్త టికెట్ మిషన్ కనబడితే, దాని మీట ఎత్తు కొలిచి, పక్కనున్న ముసలమ్మ భుజం వైపు చూసి గొణుక్కుంటాడు. మ్యూజియంలో మాత్రం కొలబద్ద తీయడు. అక్కడున్న నూలు చుట్టే యంత్రానికి నమూనా గీసింది ఆయనే. దాని లివరు ఆయన భుజానికి సరిగ్గా అందుతుంది. యాభై ఏళ్ల కిందట కొలిచింది తన భుజాన్నే మరి. దాని మీద పనిచేసిందంతా ఆడవాళ్లు.

మొన్న చలికాలంలో గెనొవేఫా అనే పొట్టి ముసలావిడ యంత్రం చుట్టూ తిరిగి, ఆయన్నే అడిగింది. "ఇటుకేదండీ?"

"ఏ ఇటుకండీ?"

"ఎక్కి నిలబడేది. లేకపోతే చెయ్యందదుగా. గుడ్డ చుట్టి, పేరు రాసి, ఎవరిది వాళ్లం పెట్టుకునేవాళ్లం. ఇరవై రెండేళ్లు దాని మీదే నిలబడ్డాను."

"ఇది గీసినవాణ్ణి తిట్టుకునేవారా?"

"ఆయన్నేమంటాం లెండి. మేమే పొట్టివాళ్లం." మోకాలు పట్టుకుని బెంచీ మీద కూర్చుని, తన గసగసాల రొట్టెలో సగం తుంచి ఆయనకిచ్చింది. తనెవరో ఆయన చెప్పలేదు.

తరవాతి గురువారం లివరు కింద గుడ్డ చుట్టిన ఇటుక కనబడింది. మ్యూజియంలో పనిచేసే పిల్ల దాని మీది పేరు చదివి, "వీటోల్డా? ఇక్కడ మగవాళ్లు పనిచెయ్యలేదుగా తాతగారూ?" అంది.

"చేశాడమ్మా ఒకడు. పై గదిలో, కుర్చీలో కూర్చుని."