మా పెద్దమ్మ జులూ, ఖాసిం సాబు కొరియా: సికింద్రాబాదులో ఒక ఆదివారం

మా ఇంట్లో జులూ మాట వినబడితే చాలు, నవ్వులు మొదలయ్యేవి. మా పెదనాన్న కుర్రతనంలోనే దక్షిణాఫ్రికా చెరుకు తోటల్లో పనికి వెళ్ళి, అక్కడే పుట్టి పెరిగిన తెలుగు పిల్లను పెళ్ళి చేసుకున్నాడు. ఆవిడే మా పెద్దమ్మ. ఆయన పోయాక, రెండేళ్ళ కిందట ఓడెక్కి బెజవాడలో మా దగ్గరకు వచ్చేసింది. తెలుగు ఎంత వచ్చో జులూ అంత వచ్చు. కోపమొస్తే తిట్టేది మాత్రం జులూలోనే. నాలుక అంగిలికి కొట్టి టక్కుమనిపించే మాటలు అందులో బోలెడు. "ఇదిగో, బల్లి పలికింది!" అని మావాళ్ళు వేళాకోళం చేసి చేసి ఆవిడ నోరు మూయించారు. నాకు ఒళ్ళు మండిపోయింది. సికింద్రాబాదు రాంగోపాల్‌పేటలో ఒక పఠనాలయం వాళ్ళు కొరియా భాష మీద సభ పెడుతున్నారని పత్రికలో చూసి, "మా ఇంట్లో జులూ వచ్చిన మనిషి ఉంది, రెండూ పక్కపక్కన పెట్టి పోల్చి చూడకూడదా?" అని ఉత్తరం రాశాను. ఆదివారం మూడింటికి రమ్మని జవాబొచ్చింది. పెద్దమ్మ ఒకే ఒక్క మాట అంది. "ఒలే, నీ మాట మీద వత్తన్నాను. అక్కడ కూడా నవ్వారంటే, ఇంక సచ్చేదాకా ఆ బాస నా నోట రాదు. మరి నన్నడక్కు."

శనివారం రాత్రి బెజవాడలో బండెక్కితే కాజీపేట మీదుగా తెల్లారి ఏడున్నరకు సికింద్రాబాదులో దిగాం. మూడో తరగతి టిక్కెట్టు మనిషికి ఆరు రూపాయల లోపే. స్టేషను బయట రిక్షావాళ్ళు చుట్టుముట్టేస్తారు, కంగారుపడకండి. మేం వెళ్ళాల్సిన రెజిమెంటల్ బజారు అక్కడికి నాలుగడుగులే. ఆ సంగతి తెలియక నేను మహా తెలివిగా పన్నెండణాల నుంచి ఎనిమిదణాలకు బేరమాడాను. "ఇండియా పైసలా, హాలీ పైసలా?" అన్నాడు రిక్షా అతను. హైదరాబాదు రాష్ట్రంలో నిజాం కాలపు హాలీ సిక్కా ఇంకా చెల్లుతోంది. ఏడు హాలీ రూపాయలు మన ఆరు రూపాయలతో సమానం. మనవే అన్నాను. "అయితె కూసోండ్రి అమ్మ, జెర దూరముంటది" అని, రెండు మలుపులు తిప్పి దించేశాడు. వెనక్కి తిరిగి చూస్తే స్టేషను కనబడుతోంది! నేను పళ్ళు నూరుకుంటుంటే పెద్దమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది.

సభలో కొరియా గురించి చెప్పబోయే ఖాసిం సాబు దుకాణం ఆ బజారులోనే ఉంది, ముందు ఆయన్ను కలవమని జవాబులో రాశారు. ఆయన దర్జీ. కొరియా యుద్ధంలో గాయపడ్డవాళ్ళ కోసం మన దేశం పంపిన వైద్య దళంతో కుట్టుపనికి వెళ్ళి, రెండేళ్ళు ఉండి, కిందటేడే తిరిగొచ్చాడు. మమ్మల్ని చూడగానే మిషను ఆపి లేచి, పక్క హోటలు నుంచి మూడు కప్పుల చాయ్ తెప్పించాడు. "అక్కా, ఆడ మనిషి ఎదురైతే ముందుగాల ‘బాప్ మొగొస్సొయో’ అంటరు. అన్నం తిన్నరా అని. మనం అడగమా, గట్లనే!" అన్నాడు. పెద్దమ్మ కాస్త బెట్టు చేసి, ఆ తర్వాత మెల్లగా చెప్పింది. "జులూవోలు ‘సావుబోనా’ అంటారు తమ్ముడూ. నిన్ను సూత్తన్నాం అని. అన్నం ఊసు తరవాత." ఖాసిం సాబు ఆ మాటను రెండుసార్లు నోట్లో తిప్పుకుని, "నిన్ను చూస్తున్నం అంటే, ఇగ అంతకన్న ఏం గావాలె?" అన్నాడు. పెద్దమ్మ చీర కొంగు సర్దుకుని కూర్చుంది.

మూడింటికి పఠనాలయంలో నలభై మంది దాకా ఉన్నారు. ఖాసిం సాబు గంటసేపు హాయిగా మాట్లాడాడు. కొరియాలో మాటల వరుస మన తెలుగు లాగే ఉంటుందట, క్రియ ఆఖర్న వస్తుందట. చిన్నవాణ్ణి రమ్మంటే ‘వా’, పెద్దలనైతే ‘ఓసెయో’. మన రా, రండి ఉన్నట్టే. అందరూ ఆహా అన్నారు. తర్వాత పెద్దమ్మ లేచింది. జులూలో వరుస వేరనీ, ‘నేను తిన్నాను అన్నం’ అన్నట్టు సాగుతుందనీ చెప్పింది. మనిషిని ‘ఉముంతు’ అంటే మనుషులు ‘అబంతు’ అవుతారనీ, మనం మాట చివర చేసే మార్పు వాళ్ళు మొదట్లో చేస్తారనీ చెప్పింది. అంతవరకూ బాగానే ఉంది. కోడిగుడ్డును ఏమంటారని ఎవరో అడిగారు. ఆ మాటలో టక్కుమనే చప్పుడుంది. ఆవిడ పలకగానే వెనక బెంచీలో కిసుక్కుమన్నారు, ఆ నవ్వు ముందు బెంచీ దాకా పాకింది. పెద్దమ్మ నోరు ఠక్కున మూతపడింది. ఆ వెనక బెంచీవాళ్ళను కడిగేద్దామని లేవబోయాను.

అంతలో ఖాసిం సాబు కూర్చున్నచోటు నుంచే అడిగాడు. "అక్కా, గా నవ్వేటోళ్ళను ఇడిసిపెట్టు. నాకొకటి చెప్పు. ఆడ ఆడోళ్ళు మొగని పేరు తీస్తరా?" పెద్దమ్మ తల తిప్పి ఆయన్నే చూసింది. "మొగుడి పేరేటి తమ్ముడూ, మావ పేరు కూడా ఎత్తరు. మా పక్కింటి జులూ ఆవిడ మావ పేరులో, నీళ్ళని జులూలో అనే మాటకున్న అచ్చరాలే ఉన్నాయి. అందుకని ఆవిడ జన్మంతా నీళ్ళని నీళ్ళు అన్లేదు, వేరే మాట అంది. అలాటి మాటలు ఆడోల్లకి బోలెడున్నాయి. అవన్నీ నానూ నేర్సుకున్నాను." కొరియాలోనూ పెద్దల పేరు మొహాన అనరనీ, తల్లిని పిల్లవాడి పేరుతో ‘ఫలానా వాడి అమ్మ’ అని పిలుస్తారనీ ఖాసిం సాబు చెప్పాడు.

ఆ తర్వాత ఆయన గొంతు తగ్గింది. "పోలీస్ యాక్షన్ అయినంక ఎవరో చాడీ చెప్తే నన్ను పట్టుకపోయిన్రు. మా ఇంటామె జేలు గేటు కాడికి వచ్చింది. నీ మొగని పేరేందంటే చెప్పలే. ‘మా పెద్దోని అబ్బ’ అన్నది. కాయిదంల గా పేరు యాడుంటది? మూడు దినాలు ఎండల నిలవడ్డది గని పేరు తియ్యలే. ఆఖరికి పక్కింటి మల్లయ్య వచ్చి నా పేరు చెప్పిండు. నాకు మస్తు కోపమొచ్చింది అప్పుడు. కొరియా పోయినంక సమజయింది, గది మర్యాద అని." ఏడేళ్ళ కిందటి మాట చెబుతూ ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. వెనక బెంచీవాళ్ళు తలలు దించుకున్నారు. పెద్దమ్మ ఇంకో అరగంట మాట్లాడింది. అదే కోడిగుడ్డు మాట మళ్ళీ పలికి, వాళ్ళందరి చేతా పలికించింది. ఒక్కరికీ రాలేదు! బి.ఏ. పట్టా అందుకున్న రోజున కూడా నాకు అంత గర్వం కలగలేదు.

సభ అయ్యాక మాట్లాడినవాళ్ళ పేర్లు గుమ్మం పక్క నల్లబల్ల మీద రాయడం అక్కడి ఆనవాయితీ. కార్యదర్శి సుద్దముక్క పట్టుకుని వచ్చాడు. "అమ్మా, ఆడవాళ్ళను ఫలానా వారి భార్య అనే రాస్తాం. మీ వారి పేరు?" పెద్దమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆయన పేరు నా నోట రాదు బావూ." ఆయన నా వైపు తిరిగాడు. "మీరన్నా చెప్పండి." నేను సొంత పెదనాన్న పేరు మింగేసి, "నాకు గుర్తు లేదండీ" అన్నాను. ఆయన బిక్కమొహం వేశాడు. పెద్దమ్మ నన్ను ఎగాదిగా చూసింది. తర్వాత చెంగు తీసేసింది. "నా పేరు అప్పలనర్సమ్మ. అదే రాయి" అంది. ఆయన కొరియా పక్కన ఖాసిం సాబు పేరూ, జులూ పక్కన అప్పలనర్సమ్మ గారు అనీ రాశాడు. ఆవిడకు చదువు రాదు. ఏది తన పేరో చూపించమంది. చూపించాను. చేత్తో తాకబోయి, చెరిగిపోతుందని ఆగిపోయింది.

తిరుగు బండిలో వరంగల్లు దాకా నాకు జులూలో అంకెలు నేర్పింది. కున్యే, కుబిలి, కుతాతు. బండిలో ఎవరు చూసినా లెక్కచేయలేదు. ఎక్కడి ఆఫ్రికా, ఎక్కడి కొరియా! పలుకుబడిలో పొత్తు లేకపోయినా, పెద్దల ముందు రెండు చోట్లా నోరు ఒకేలా తగ్గుతుంది. ఆ సంగతి పుస్తకంలో చదివి చెప్పలేదు వాళ్ళిద్దరూ, బతికి చెప్పారు. అలాంటి మనిషి మా ఇంట్లో ఉన్నందుకు గర్వపడుతున్నాను, ఇన్నాళ్ళూ నవ్వనిచ్చినందుకు సిగ్గుపడుతున్నాను. వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్క మాట: ఆ పఠనాలయంలో ప్రతి ఆదివారం ఏదో ఒక సభ ఉంటుంది, రెండున్నరకల్లా చేరితే కూర్చోవడానికి బెంచీ దొరుకుతుంది. మీ ఇంటి ఆడవాళ్ళను మాట్లాడడానికి తీసుకెళ్తే, పేరు అడిగినప్పుడు మీరు మాత్రం నోరు విప్పకండి.