మూడుసార్లు ప్యాకింగ్ మార్చిన కారు

1943 ఎండాకాలం. నరసరావుపేటలో స్టేషను రోడ్డు పక్కన నా రేకుల షెడ్డు. యుద్ధం మూలంగా పెట్రోలుకు కూపన్లు, ఇంజన్ ఆయిలుకు పర్మిట్లు. స్పేరుపార్టులు కావాలంటే మద్రాసు దుకాణాల వాళ్లు నవ్వేవారు. అలాంటి రోజుల్లో ఆయిలు కారే బండి వస్తే నాకు ముందు కోపం వచ్చేది, తరువాతే జాలి.

గురజాల అవతల ఒక పల్లెలో ఉన్న మిషన్ ఆసుపత్రి కారు అది. పదేళ్లు దాటిన బండి. కాన్పు కష్టమైన ఆడవాళ్లను అందులోనే పేటకు తెచ్చేవారు. ఇంజన్ అడుగున నూనె నిలిచే తొట్టిని మేము చాంబరు అంటాం. నూనె కారకుండా దానికీ ఇంజనుకూ మధ్య పెట్టే పట్టీ ప్యాకింగ్. దాన్ని అప్పటికే రెండుసార్లు మార్చాను. మూడోసారి డ్రైవరు దావీదుతో పాటు డాక్టరమ్మ కూడా దిగింది.

"మేస్త్రీ, మొన్న పిడుగురాళ్ల దగ్గర ఆయిలంతా కారిపోయి బండి ఆగింది. నొప్పులు పడే పిల్లను ఎద్దుల బండిలోకి మార్చాం. ఆ ఎండలో, ఆ బండిలోనే కాన్పయింది. తల్లీబిడ్డా బతికారంటే దేవుడి దయ. ఇంకొక్కసారి ఆగితే కారు అమ్మెయ్యమని పైవాళ్లు ఉత్తరం రాశారు. ఇక మా ఆడవాళ్లకు ఎద్దుల బళ్లే గతి."

"ఆగదమ్మా," అన్నాను. నాకు పంతం పట్టుకుంది.

చాంబరు విప్పి, దాని అంచును నాపరాయి పలక మీద పెట్టి వంకర లేదని చూసుకున్నాను. ప్యాకింగ్‌కు వాడే కార్కు బెరడు దొరకని కాలం కాబట్టి దళసరి అట్ట కత్తిరించి, లక్క పూసి బిగించాను. ఊరి చివరిదాకా నేనే తోలి చూశాను. చుక్క రాలలేదు. మీసం దువ్వుకున్నాను.

నాలుగో రోజు బండి మళ్లీ వచ్చింది, కడుపంతా నూనెతో. దావీదు ఒక్కడే వచ్చాడు. ఈసారి విప్పలేదు. ఇంజనును కిరసనాయిలుతో కడిగి, ఆరాక ముగ్గుపిండి చల్లాను. తెల్లటి పిండి ఎక్కడ తడిస్తే కారేది అక్కడే.

"పద, నేనూ వస్తా," అన్నాను.

"ఎందుకు మేస్త్రీ, ఈ ఎండన పడి?"

"నోరు మూసుకుని తోలు."

ఊరు దాటి దుమ్ము మొదలయ్యే చోట దావీదు బండి ఆపాడు. బానెట్ ఎత్తి, సీటు కింద నుంచి మడత పెట్టిన గుడ్డ తీసి, ఒక గొట్టం మూతికి చుట్టి పురికొసతో బిర్రుగా కట్టాడు. అడగబోయి ఆగాను. రోజూ చేసేదే చెయ్యనిద్దామనుకున్నాను. పది మైళ్లు పోయాక ఆపించి చూస్తే ముగ్గుపిండి మూడు చోట్ల తడిసి ఉంది. ప్యాకింగ్ చిరిగితే ఒక చోట కారాలి. మూడు చోట్ల కారుతోందంటే లోపలి నుంచి ఏదో తోస్తోంది. గుడ్డ విప్పాను. బుస్సుమని పొగ నా మొహాన కొట్టింది.

ఆ గొట్టం పేరు బ్రీదరు. అరిగిన పిస్టన్ల పక్కగా చాంబరులోకి దిగే పొగ బయటికి పోవడానికి ఉన్న ఒకే దారి. దుమ్మూ నూనే పట్టి ఆ గుడ్డ తోలులా గట్టిపడింది. దారి మూసుకుపోయి, పొగ దొరికిన ప్రతి సందులోంచీ నూనెను తోసేస్తోంది.

"ఏందిరా ఇది?"

"వాసెన మేస్త్రీ. మా అమ్మ ఆవకాయ జాడీకి ఇట్టాగే కట్టుద్ది. దుమ్ము పోకుండా."

"మరి షెడ్డుకొచ్చేటప్పుడు ఎందుకు విప్పావు?"

"మురికి గుడ్డ చూస్తే తిడతావని."

"అసలు కట్టమని నీకు ఎవడు చెప్పాడురా?"

దావీదు తల దించుకున్నాడు. "నువ్వే గదా. పోయినేడు ఇంజన్ విప్పినప్పుడు దీని మూత పగిలింది. మూత దొరకదు, ఒక్క ఇసక రేణువు లోపలికి పోయినా నీ తాట తీస్తా అన్నావు."

అన్నాను. నిజమే. నాకు చానా సిగ్గేసింది.

వాసెన లేకుండానే ఆసుపత్రి దాకా వెళ్లాం. కొత్త చుక్క రాలేదు. ఆ తరువాత రేకుతో మూత చేసి, సన్నని ఇత్తడి జల్లెడ అతికించి, నూనెలో ముంచిన కొబ్బరి పీచు కుక్కాను. గాలి పోతుంది, దుమ్ము పీచుకు అంటుకుంటుంది. ఆ గొట్టం ఎందుకు మూయకూడదో దావీదుకు అంతా విడమరిచి చెప్పాను. శ్రద్ధగా విని, "ఇది ఆ రోజే చెప్పుంటే నేను కట్టేవోణ్ణా మేస్త్రీ?" అన్నాడు.

అప్పటి నుంచి ఏ డ్రైవరుకూ ఉత్త బెదిరింపు చెప్పి పంపలేదు, కారణం కూడా చెప్పాను. బండి ఏం చేస్తోందని అడిగే ముందు, నువ్వు బండిని ఏం చేస్తున్నావని అడగడం కూడా ఆ కారు దగ్గరే నేర్చుకున్నాను.

అది మళ్లీ దారిలో ఆగలేదు. కొన్ని నెలలకు డాక్టరమ్మ ఒక పిల్లను ఎత్తుకుని షెడ్డుకు వచ్చింది. "ఎద్దుల బండిలో పుట్టింది ఇదే మేస్త్రీ. ఎత్తుకో, కారు బాగుచేసింది నువ్వే గదా," అంది. ఆ రోజు కారు ఆగింది కూడా నా మాట వల్లేనని ఆమెకు తెలియదు. చేతులకు నూనె ఉందమ్మా అని చెప్పి బావి దగ్గరికి నడిచాను. చేతులు శుభ్రమయ్యాక కూడా చాలాసేపు కడుక్కుంటూనే నిలబడ్డాను.