పదకొండు చుట్లు

నీళ్ళ బాబాయి అసలు పేరు జీతాల కాగితంలో తప్ప ఎక్కడా వినబడదు. ఇరవై రెండేళ్ళుగా తెల్లవారకముందే లేచి, భుజమెత్తు ఇనుప తాళంచెవి పట్టుకుని, మూడు వీధుల్లో నేలగుంతల్లోని వాల్వులు తిప్పి నీళ్ళు వదలడం ఆయన ఉద్యోగం. ఎన్ని చుట్లు తిప్పితే అంత జోరు. ఏ వీధికి ఎన్ని చుట్లో మూడో కంటికి తెలియదు. ఆయన ఉండే రెండో అంతస్తుకి మాత్రం నీళ్ళు ఏనాడూ ఎక్కలేదు. ఆయన భార్యని అందరూ పిన్ని అంటారు. ఆవిడ ఎగువ వీధి కొళాయి నుంచి బకెట్లు మోసుకొచ్చేది.

ఇలాంటి మనిషి వెంట ఒక డాక్యుమెంటరీ అమ్మాయి మూడు వారాలు తిరిగింది. ఆవిడ వెనక ఏ కంపెనీ లేదు. కెమెరా ఆవిడదే, మోసేదీ ఆవిడే. ఆ చిత్రాన్ని ఒక ఆదివారం సాయంత్రం ప్రభుత్వ చానల్లో వేశారు. వాన కబుర్లకి తప్ప ఎవరూ పెట్టని ఆ చానల్ ఆ పూట ఇంటింటా మోగింది.

బాబాయి ఉతికిన చొక్కా వేసుకుని కూర్చున్నాడు, టీవీలోవాళ్ళు తనని చూస్తారన్నట్టు. కింద వాటా దర్జీ పిల్లాపాపలతో వచ్చాడు. తెర మీద బాబాయి, "ఇన్నేళ్ళలో మా వీధి నుంచి ఒక్క ఫిర్యాదు రాలేదమ్మా" అన్నాడు. గదిలో బాబాయి అవునని తలూపాడు.

తర్వాత తాళం తిప్పడం. ఇంకొకరైతే రెండు చుట్లు చూపించి కత్తిరించేవారు. ఈ అమ్మాయి మొదటి చుట్టు నుంచి చివరి చుట్టు దాకా ఉంచేసింది. పిన్ని వేళ్ళ మీద లెక్కపెట్టింది. ఎగువ వీధికి పద్దెనిమిది. బడి వీధికి పద్దెనిమిది. సొంత వీధికి పదకొండు.

"మనకి పదకొండేనా?" అంది.

"సమానంగా ఇచ్చినా, సొంత వీధికి దోచిపెట్టాడంటారే. నలుగురూ ఏమనుకుంటారు?"

"ఆ నలుగురూ ఏనాడైనా రెండంతస్తులెక్కి నాకో బకెట్టు తెచ్చిపెట్టారా?"

అప్పటిదాకా బాబాయికి అది గొప్ప నిజాయితీగానే తోచింది. దర్జీ గొంతు సవరించుకున్నాడు.

"రెండుసార్లు అర్జీ రాశాం బాబాయ్. రెండుసార్లూ పిన్నే చింపించింది. 'మా ఆయన ధర్మం తప్పే మనిషి కాదు, పైపులోనే ఏదో అడ్డం పడింది' అని ఒట్టేసి చెప్పింది."

బాబాయికి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. తన మంచిపేరుని కూడా ఆ బకెట్లతోపాటు ఈవిడే మోసిందన్నమాట. ఎటు చూడాలో తెలియక టీవీ వంక చూశాడు. అందులో ఆయనే నవ్వుతున్నాడు.

మర్నాడు వాల్వు దగ్గర వీధి జనమంతా వేళ్ళు సిద్ధం చేసుకుని నిలబడ్డారు. తమ వాటా తగ్గకుండా చూసుకోడానికి ఎగువ వీధివాళ్ళూ వచ్చారు. పదకొండో చుట్టు దగ్గర బాబాయి చెయ్యి అలవాటుగా ఆగింది.

"పన్నెండు," అంది పిన్ని.

అక్కణ్ణుంచి పద్దెనిమిది దాకా అందరూ కలిసి పైకే లెక్కపెట్టారు. ఆ లెక్క తర్వాత నీళ్ళ ఆఫీసు బోర్డు మీదికి కూడా ఎక్కింది.

ఆ మొదటి రోజు బాబాయి మేడెక్కేసరికి వంటింటి కొళాయి ధారగా పోస్తోంది. పిన్ని ఖాళీ బకెట్టు పక్కన పెట్టి, ధార కింద చెయ్యి ఉంచి నిలబడింది. ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అయితే పైపులో ఏమీ లేదన్నమాట," అంది.