ఎత్తేటప్పటి బరువు

నడుము నొప్పి మొదలయ్యాక, ముందూ వెనకా షాక్ అబ్జార్బర్లున్న మౌంటెన్ సైకిల్ కొనుక్కున్నాను. పదహారు కిలోలు. తోటి సైక్లిస్టులు ఒక్కొక్కరూ దాన్ని ఒంటిచేత్తో లేపి చూసి పెదవి విరిచేవారు. తొక్కుతుంటే నాకు హాయిగానే ఉండేది. అయినా ఆ మాటలు విని విని అమ్మేద్దామనుకున్నాను.

ఆ రోజుల్లోనే కందకుర్తి నుంచి వస్తుంటే బోధన్ దాటాక చైను తెగింది. నిజామాబాద్ బస్సు ఆపాను గానీ, సైకిల్ లేపబోతే నడుము పట్టేసింది. నా వెనక బస్సెక్కడానికి నిలబడ్డ ఒక పెద్దావిడ, నెత్తి మీది బియ్యం మూట దించి వెనక చక్రం పట్టుకుంది.

“నువ్వు ముంగట పట్టు బిడ్డా.”

సైకిల్‌ను బస్సులోకి ఎక్కించాం. తర్వాత ఇద్దరం కలిసి ఆమె మూట ఎక్కించాం.

“బరువెక్కువుంది అవ్వా. అమ్మేద్దామనుకుంటున్న” అన్నాను సిగ్గుపడుతూ.

“తొక్కంగ బరువైతదా?”

“కాదు.”

“మరెందుకు అమ్ముడు? గీ మూటైనా నా ఒక్కదానితోని లేస్తదా? దారిన పోయెటోళ్లను జర ఎత్తుమంట. నెత్తి మీదికొస్తే ఇంటిదాక నేనే మోసుకపోత.”

నిజామాబాద్‌లో దిగాక ఆమె నెత్తి మీద చుట్టబట్ట సర్దుకుని, మూట పక్కన నిలబడి నావైపు చూసింది. చెరోవైపు పట్టి పైకెత్తాం. వెనక్కి తిరగకుండా వెళ్లిపోయింది.

సైకిల్ ఇంకా నా దగ్గరే ఉంది. మెట్లొచ్చిన చోట దిగి, దాని పక్కన నిలబడతాను. ఇంతవరకూ ఎవరో ఒకరు వస్తూనే ఉన్నారు.