గంగాళంల దొరికిన పటం

నాకు కోపం ముక్కు మీదనే ఉంటది. పెండ్లికి ముందు ఉన్నది, మనుమలు పుట్టినంక గూడ ఉన్నది. ఆ కోపమే లేకుంటే మా ఊర్ల పటం గ్రంథాలయానికి చేరకపోతుండె, గందుకే ముందుగాల దాని ముచ్చట చెప్తున్న.

డెబ్బైల మొదట్ల పట్నంల ఒక పరిశోధన గ్రంథాలయంల పనికి కుదిరిన. పుస్తకాలిచ్చే పని కాదు. పాత పటాలు, చేతిరాత కాయితాలు, ఎన్నడో ఆడిన నాటకాల కరపత్రాలు, ఎవరివో పెండ్లి కార్డులు, చినిగినవి, పురుగు కొట్టినవి నా బల్ల మీదికి వస్తుండె. వాటిని తడిపి, సాపు చేసి, వెనుక పల్చటి మల్లుబట్టను లైతోని అతికించాలె. లై అంటే మైదాపిండి ఉడకబెట్టిన జిగురు. మా ఊరు పుప్పాలగూడ నుంచి పొద్దుగాలనే నడిచి, గోల్కొండ కాడ బస్సెక్కి పోతుంటి. మా వాడకట్టుల ఆఫీసుకు పోయే ఆడిపిల్లను నేనొక్కదాన్నే. నడుస్తుంటే మెడ జర నిక్కుతుండె, కాదనను.

ఒకనాడు గోల్కొండ కోట పటం అతికిస్తున్న. బురుజులు, దర్వాజలు, తోటలు అన్నీ ఉన్నయి. గోడ దాటి పడమటి దిక్కు ఉత్త కాయితం. "సార్, ఇటు మా ఊర్లు గదా, ఆ పటమేది?" అని మా పెద్దసారును అడిగిన. సారుది గుంటూరు దిక్కు, మంచి మనిషే. నవ్వుకుంట అన్నడు, "అటుపక్క రాళ్ళే కదమ్మా. రాళ్ళకి పటం ఎవరు గీస్తారు చెప్పండి."

ఒంటికి కారం రాసినట్టయింది నాకు. ఆ రాళ్ల నడుమ మా చెరువులు లేవా? మా వరి మళ్లు లేవా? "ఉంటది సార్. తెచ్చి మీ బల్ల మీద పెడత" అన్న. అన్న మాట వెనుకకు తీసుకునుడు మా ఇంట్ల ఎవ్వరికి చేతకాదు.

ఇగ ఐతారం సెలవొస్తె చాలు, నార్సింగి, మణికొండ, ఖాజాగూడ, ఏ ఊర్ల భూముల లెక్క రాసే పాత పట్వారీ ఇల్లుంటే ఆ ఇంటి మెట్లెక్కిన. "పటమెందుకు బిడ్డా, పొలం గిట్ల అమ్ముతున్నరా?" అని అడిగిండ్రు గని, ఒక్కరు సందుగ పెట్టె మూత తీయలె. వానకాలం పోయింది, చలికాలం పోయింది. సారు మర్చిపోయిండు. నేను మర్వలె.

ఎండకాలంల మా దిక్కు ఆడోళ్లకు ఒక పని ఉంటది. పాత కాయితాలు నానబెట్టి, పురుగు పట్టకుండ మెంతులేసి రోట్లె మెత్తగ దంచి, ఆ ముద్దను పాత గంపలకు, చాటలకు మెత్తుతరు. తల్లి లేని నన్ను సాకిన మా పెద్దమ్మ ఈ పనిల పేరు మోసింది. ఒక ఐతారం నేను ఆమె ఇంటికి పోయేసరికి వాకిట్ల రోలు ముంగట నిలబడి దంచుతున్నది. పక్కన గంగాళం నిండ నానుతున్న కాయితాలు. మా ఊరి పట్వారీ ఇంటికి సున్నమేస్తూ, సందుగ ఖాళీ చేసి వాడకట్టు ఆడోళ్లకు పంచిండ్రట. "మస్తు గట్టి కాయితమే, గంపకు బాగ పడుతది" అని మురుస్తున్నది. ఊకెనే గంగాళంల చెయ్యి పెట్టి ఒక ముక్క తీసిన. నల్లసిరాతోని చెరువు కట్ట. నీలిరంగు కాలువ. పక్కన కోకాపేట అని రాసి ఉన్నది.

"పెద్దమ్మా, ఆపు!" అని ఒర్రిన. రోకలి గాలిలనే ఆగింది.

"ఏందే, పాము గిట్ల కనవడ్డదా?"

"పామైతె ఊకుందును. ఊర్లకూర్లే నానబెడితివి గదా!"

ఇద్దరం ముక్కలన్ని ఏరి తడి చీర మీద పరిచినం. మసితోని చేసిన సిరా, నీళ్లకు కారలె. నీలిరంగే జర పాకింది. రాయదుర్గం దొరికింది, ఖాజాగూడ దొరికింది, నార్సింగి చెరువు అలుగుతోని సహా దొరికింది. నడుమ అరచెయ్యంత బొక్క. అది మా ఊరు ఉండాల్సిన జాగ. గంగాళం అడుగు దాక దేవులాడినం, నీళ్లు తప్ప ఏం లేదు. అప్పుడు ఇద్దరం రోలు దిక్కు చూసినం. పొద్దుగాల ఒక వాయి దంచిందట.

"సొంత ఊరినే దంచుకున్న ముండను" అని పెద్దమ్మ తలకాయ కొట్టుకున్నది. నాకు కోపమొచ్చింది, ఏడుపొచ్చింది, ఎవరి మీద చూపాల్నో తెల్వలె. రోట్లె ముద్దను పారబొయ్య బుద్ధి కాలె. గోకి టిఫిన్ డబ్బల పెట్టుకున్న.

తెల్లారి ఆ ముక్కలు చూసి సారు కుర్చీల నుంచి లేచిండు. "గెలిచారమ్మా" అన్నడు. నా కాళ్లు భూమ్మీద లేవు. అంతల కొర్రి పెట్టిండు. "కానీ మధ్యలో ఊరే లేదే. ఇలా ఇస్తే పైవాళ్ళు తీసుకోరు. మంచి కాగితం అతికించి, మనవాళ్ళ చేత నాలుగిళ్ళు గీయిద్దాం. నిండుగా ఉంటుంది."

"లేని ఇండ్లు గీస్తె అది మా ఊరెట్లయితది సార్? మా ఊరు నా దగ్గరున్నది" అని డబ్బ మూత తీసిన. గదంత మెంతుల వాసన. సారు ముక్కు మూసుకొని లోపలికి తొంగి చూసిండు.

"ఆ ముక్క ఇందులో ఉందా?"

"ఉన్నది. దంచిండ్రు, గంతే. ఎటూ పోలె."

సారు డబ్బకు మూత పెట్టి నా చేతికిచ్చిండు. "సరే, దీంతోనే పూడ్చండి. నిలిస్తే పైవాళ్ళకి నేను చెప్పుకుంటాను. పగిలితే మాత్రం ఇళ్ళు గీయించాల్సిందే."

మొదటిసారి పగిలింది. ఫ్యాను కింద ఆరబెట్టిన, నెర్రెలు వాసింది. ముద్దను గీకి, మళ్ల నానబెట్టి, పెద్దమ్మ దగ్గరికి ఉరికిన. ఆమె ఆ దినం నుంచి గంప ముట్టలె. డబ్బ చూసి మొఖం తిప్పుకున్నది. "ఎట్ల మెత్తాల్నో నువ్వు చెప్పకుంటే మనూరి జాగల వేరేటోళ్లు ఇండ్లు గీస్తరు" అన్న. గప్పుడు నోరిప్పింది. "అంచుల నుంచి నడుమకు మెత్తాలె. అరచెయ్యి తడి చేసుకొని తట్టాలె. గాలి తగలొద్దు, నీడకు ఆరాలె. తొందర నీ పుట్టుకల ఉన్నదే, కాయితానికి లేదు."

ఆమె చెప్పినట్టే చేసిన. నిలిచింది. వెనుక మల్లుబట్ట అతికించి వెలుతురుకు పట్టి చూస్తె ఒక్క సందు లేదు. నా నోటితోని నేను చెప్పుకోవద్దు గని, అసొంటి అతుకు ఆ గదిల మళ్ల ఎవ్వరు వెయ్యలె, నేను గూడ వెయ్యలె. పైవాళ్లు ఒప్పుకున్నరు.

అద్దం బిగించక ముందే పెద్దమ్మను తోలుకరావాలనుకున్న. "దంచినదాన్ని, ఏం మొఖం పెట్టుకొని చూడాలె" అని రానంటే రానన్నది. కొత్తచీర కట్టించి బస్సెక్కించిన. బల్ల ముంగట నిలబెట్టి కోకాపేట, నార్సింగి, ఖాజాగూడ అని నేను సదువుతుంటే తలకాయ ఊపింది. నడుమ బూడిదరంగు జాగల గీత లేదు, పేరు లేదు.

"గిదేంది?" అన్నది, తెల్సి గూడ.

"మనూరు" అన్న.

పటాలు ముట్టొద్దని మాకు కట్టడి ఉండె. సారే, "పర్వాలేదండి, ముట్టుకోండి" అన్నడు. పెద్దమ్మ గంపను చూసినట్టే చూసింది. వేలితోని కొట్టి సప్పుడు విన్నది. అంచులు తడిమింది. గోరు పెట్టి చూసింది. చివరికి నడుం మీద చెయ్యేసుకొని సారు దిక్కు తిరిగింది.

"మిగిలిన ఊర్లకు చెదలు పడ్తదేమో జర చూసుకో సారూ" అన్నది. "మా ఊరికి ఫికర్ లేదు. మెంతులేసి దంచిన."